ఖాళీ బోటు మీద ఇంగ్లీషు మాట

విజయనగరంలో ఆటో ఎక్కితే పక్కావిడ గంపలోంచి ఎండు నెత్తళ్ల చేపల వాసన గుప్పుమంది. మిగతావాళ్లు ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం సుశీల టీచర్ గుర్తొచ్చి గుండె దడదడలాడింది. మంచి మనిషి గుర్తొస్తే భయమెందుకంటారా? ఆవిడతో పాటు ఆ రోజు కూడా గుర్తొస్తుంది మరి.

టీచర్‌ది కోటబొమ్మాళిలో వరి పండించే కుటుంబం. సముద్రపు ఒడ్డున ఉన్న మా పల్లె బడికి రోజూ బస్సులో వచ్చేవారు. సాయంత్రం మా అరుగు మీద, ఆరబెట్టిన చేపల మధ్యే కూర్చుని ఇంగ్లీషు చెప్పేవారు. "అబాండన్" అనే మాట చెప్పిన రోజు, "తాళం వేసి ఊరెళ్లడం కాదర్రా. మళ్లీ రానని వదిలిపోవడం" అన్నారు. శ్రద్ధగా రాసుకున్నాను. తొమ్మిదో తరగతికే నేను పల్లె మొత్తానికి ఇంగ్లీషు పండితురాలిని. మందుచీటీ అయినా బ్యాంకు కాగితమైనా నా దగ్గరికే తెచ్చేవారు. తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పేసేదాన్ని. తెలియదంటే నామోషీ!

ఆ మాట నేర్చుకున్న వారమే చేపల వేటకు వెళ్లిన నాన్న బోటు గాలివానలో చిక్కుకుని తిరిగి రాలేదు. నాలుగో రోజు పొద్దున చిన్నాన్న ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఒడిశా వైపు నుంచి ఎవరో నాన్న బోటు ఫొటో పంపారు.

"ఏటి రాసున్నాదో సదువే" అన్నాడు.

ఫొటో కింద బోటు నంబరు, ఆ పక్కన "ఫౌండ్ అబాండన్డ్". చుట్టూ జనం. "వదిలేసి పోయారంట. మళ్లీ రారంట" అన్నాను. ఆ రెండో మాట అక్కడ లేదు. నేనే కలిపాను.

సముద్రం మింగినవాళ్లను చూసి చూసి ఉన్న పల్లె మాది. గంటలోపే పెద్దలు గడ్డిబొమ్మ సంగతి మాట్లాడుకోసాగారు. శవం దొరక్కపోతే బొమ్మనే దహనం చేస్తారు. ఆడవాళ్లు అమ్మకు చివరిసారిగా పసుపు రాసి, తలనిండా పూలు పెట్టారు. తర్వాత గాజులు పగలగొడతారని నాకు తెలుసు. అమ్మ ఏడవలేదు.

"సరిగ్గా సదివినావా అమ్మా?" అని ఒక్కసారి అడిగింది.

ఔనని తలూపాను.

అప్పుడే బస్సు దిగిన టీచర్ గుంపును తోసుకుంటూ వచ్చి ఫోన్ లాక్కున్నారు. "ఆగండి! బోటు ఖాళీగా దొరికిందని రాశారు. మనుషులు పోయారని రాయలేదు."

"మరి మనుసులేరీ?" చిన్నాన్న అరిచాడు.

"అది ఇందులో లేదు బాబూ."

అమ్మ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని కూర్చున్నారు టీచర్. గాజులు పగలగొట్టడానికి రాయి తెచ్చిన పెద్దావిడ ఎంత కసిరినా కదల్లేదు. రెండు రోజులు ఇంటికే వెళ్లలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు.

ఆరో రోజు నాన్న వచ్చాడు. బోటులోకి నీళ్లొస్తే అందరూ ఒడిశా వాళ్ల బోటెక్కారట. వాళ్లు వేట ముగించుకునే ఒడ్డుకు చేర్చారట.

చాలా ఏళ్లకు టీచర్‌ని అడిగాను, నాన్న వస్తాడని మీకెలా తెలుసని.

"నాకేటి తెలుసే? రాడనే అనుకున్నాను. కానీ తెలీకుండా మీ అమ్మ గాజులు పగలగొట్టనిస్తానా?" అన్నారు.

ఇప్పుడు నేను విజయనగరం ఆసుపత్రిలో నర్సుని. ఎవరు ఇంగ్లీషు రిపోర్టు చేతిలో పెట్టినా రెండుసార్లు చూసుకుంటాను. రాసి ఉన్నదే చదువుతాను. మొన్న ఒకావిడ, "మా ఆయన బతుకుతాడా అమ్మా?" అంది. తెలియదన్నాను. ఆ ఒక్క మాట అనడానికి ఎంత భయపడ్డానో. లేచి వెళ్లిపోవాలనిపించింది. వెళ్లలేదు, పక్కనే కూర్చున్నాను.