నాలుగో చార

మొన్న మా అమ్మాయికి మూడు చారల షూ కొన్నాం. అట్టపెట్టె మూత తీయగానే కొత్త రబ్బరు, జిగురు కలిసిన ఘాటు వాసన గుప్పుమంది. దాని వెనకే, ఏ సంబంధమూ లేకుండా, నువ్వుల చిమ్మిలి వాసన కూడా నాకు తగిలింది.

ఆ రెండూ నాకు ఒకే రోజున కలిసి వచ్చాయి మరి. ఉక్కునగరంలో కార్తీకం వచ్చిందంటే చలిగాలితో పాటు తీగల మీద ఆరేసిన బట్టలపై సన్నటి నల్లదుమ్ము దిగేది, అమ్మ వాటిని మళ్ళీ ఉతుకుతూ ఫ్యాక్టరీని తిట్టేది, ఆ ఫ్యాక్టరీ జీతంతోనే కొన్న నువ్వులూ బెల్లమూ రోట్లో వేసి మామ్మ నాగులచవితికి చిమ్మిలి దంచేది. మామ్మంటే నాన్న తల్లి. పాత చీరలతో బొంతలు కుట్టడమే ఆవిడ కాలక్షేపం.

ఆ చవితినాడే నాన్న పూర్ణా మార్కెట్ బయట పట్టా పరిచి అమ్మేవాడి దగ్గర నాకు తెల్లటి షూ తెచ్చాడు. బడిలో పరుగుపందేనికి పేరిచ్చి, పక్క క్వార్టర్ శిరీషకున్నలాంటి మూడు నీలం చారల షూ కావాలని నేను నెలంతా నసపెట్టాను. "ఓడ దిగిన సరుకు బావా, పక్కా ఫారిన్" అన్నాడట అమ్మినవాడు. రేవున్న ఊరు కనక, సెంటైనా గొడుగైనా, ఏది అంటగట్టాలన్నా ఒక ఓడని దింపేవారు. నాన్న ఆ మాట నమ్మాడని నేననుకోను. ఆయనకు కావలసింది నా మొహం వెలగడం, అది ఆయన జీతానికి అందేది ఆ పట్టా మీదే.

వెలగలేదు. చారలు నాలుగున్నాయి. వీటితో పరిగెత్తను, పేరు తీసేయించుకుంటానని చిమ్మిలి కూడా ముట్టకుండా మూల కూర్చున్నాను. నాన్న డ్యూటీకి వెళ్ళిపోయాడు. మామ్మకు నా గోల అంతుపట్టలేదు.

"ఏటే, ఆడు ఒకటెక్కువే యిచ్చినాడు గదా, ఏడుత్తన్నావేటి?"

"అందరూ నవ్వుతారు మామ్మా."

"ఎక్కువైతే తీసేత్తే పోద్ది. ఇలాగియ్యి."

బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపి, రెండు షూలకూ అటూ ఇటూ ఉన్న నాలుగో చారల్ని ఒలిచి, ఆ నాలుగు ముక్కల్నీ బొంత పేలికల మూటలో పడేసింది. మిగిలిన సూది బెజ్జాల మీద సుద్దముక్క రుద్దింది.

పందెంలో మూడోదానిగా వచ్చాను, ఎవరూ నవ్వలేదు. శిరీష మాత్రం పడిపోయింది, ఆమె షూ చార ఒకటి చిరిగి ఊడిపోయింది. వాళ్ళమ్మ కొడుతుందని ఏడుస్తుంటే మా ఇంటికి తీసుకొచ్చాను. మామ్మ మూట విప్పి, మా చార ముక్క ఒకటి తీసి అక్కడ కుట్టేసింది. ఏది ఏదో మాకే తెలియలేదు, వాళ్ళమ్మకూ తెలియలేదు. డ్యూటీ నుంచి వచ్చిన నాన్నకు ఈ సంగతి చెబితే, ఆ చవితి తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూసి నవ్వాడు.

"అయితే నాను తెచ్చింది ఒరిజినలే."

ఇప్పుడు చారలకు కుట్లు ఉండటం లేదు, అచ్చు పోసినట్టు అతికేస్తున్నారు. డూప్లికేట్లూ అంతే, ఎన్నిసార్లు లెక్కపెట్టినా తప్పు దొరకదు. తీసి దిద్దడానికి మామ్మ లేదు, నవ్వడానికి నాన్నా లేడు.

మామ్మ కుట్టిన ఆఖరి బొంత మీద మా అమ్మాయి కూర్చుని కొత్త షూ లేసులు కట్టుకుంటోంది. బొంత అంచున మామ్మ వరసగా కుట్టిన నీలం ముక్కలు దాని కంటపడ్డాయి. వేలితో లెక్కపెట్టింది. మూడు.

"అమ్మా, ఈ బొంత కూడా ఆ కంపెనీదేనా?"

అవునన్నాను.