ఏటిగట్టు ఊరి సత్తు గిన్నె

మా చిన్నప్పుడు... ఏరంటే ఏమిటో తెలియకుండానే మూడో తరగతికి వచ్చేశాను. కువైట్‌లో ఏరెక్కడిది... ఫింటాస్‌లో మా ఇంటి ముందు సముద్రం, వెనక ఇసుక. నేను మొదటిసారి ఏరు చూసింది ఇరాక్‌లో, అదీ యుద్ధం పుణ్యమా అని.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక, షువైఖ్‌లో నాయన పనిచేసే గ్యారేజీ మూతబడింది. మనవాళ్లంతా కలిసి బస్సులు మాట్లాడుకున్నారు. ఇరాక్ మీదుగా జోర్డాన్ పోయి, అక్కడ విమానం ఎక్కాలి. ఫ్రిజ్జు, టీవీ, నా బొమ్మలు అన్నీ వదిలేశాం... అమ్మ మాత్రం రాయచోటి నుంచి తెచ్చుకున్న చెనిక్కాయల మూట వదల్లేదు.

బస్రా దాటాక ఏటి ఒడ్డున ఒక చిన్న ఊళ్లో బస్సులు ఆగాయి. పేరు గుర్తులేదు. ఒకటే వీధి, ఒక చాయ్ కొట్టు, ఏటి పొడవునా ఖర్జూరం చెట్లు... అవతలి ఒడ్డు నుంచి కాస్త దూరం పోతే ఇరాన్ సరిహద్దు అని నాయన చెప్పాడు. అంతకుముందు ఇరాన్‌తో జరిగిన యుద్ధంలో కూలిన గోడలు ఇంకా అలాగే ఉన్నాయి. నీళ్లలో మాత్రం బర్రెలు హాయిగా పడుకున్నాయి, అచ్చం మా అవ్వ వాళ్ల బర్రెల్లాగే.

తమ్ముడు అప్పటికి చంకపిల్ల. పాలపొడి ముందురోజే అయిపోయింది. ఎండకి సొమ్మసిల్లి ఏడవడం కూడా మానేశాడు... అది చూసి అమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

గడపలో కూర్చున్న ఒక పెద్దామె వాణ్ణి చూసింది. మమ్మల్ని ఏమీ అడగలేదు. లోపలికి వెళ్లి సత్తు గిన్నె నిండా కాచిన పాలు తెచ్చి అమ్మ చేతికిచ్చింది.

అమ్మ బస్సులో కూర్చుని చెంచాతో పట్టింది. సగం గిన్నె తాగాక వాడు గట్టిగా ఏడ్చాడు. ఒకరి ఏడుపు విని అంత సంతోషపడటం నాకు అదే మొదలు.

ఇంతలో డ్రైవర్ "యల్లా, యల్లా" అంటూ హారన్ కొట్టాడు. అమ్మ మిగిలిన పాలు సీసాలో పోసి, గిన్నె కడిగి... ఆగిపోయింది. మన అలవాటు తెలుసు కదా... ఇరుగుపొరుగు వాళ్లు గిన్నెలో ఏదైనా పంపితే ఖాళీగా తిరిగివ్వం, చారెడు చక్కెరైనా పోసి ఇస్తాం.

"ఒట్టి గిన్నె ఎట్ల ఇచ్చేది? ఆ చెనిక్కాయల మూట యాడ పెట్టినావు?" అంది నాయనతో.

"ఇప్పుడు అదంతా యాల? బస్సు పోతాది, ఇచ్చేసి రా పో" అన్నాడు నాయన.

అమ్మ వింటేగా... సామాన్ల అడుగున మూట దొరికేసరికి బస్సు కదిలింది. ముందు బస్సులు వెళ్లిపోతున్నాయని డ్రైవర్ ఆపలేదు. అమ్మ గిన్నెని కిటికీలోంచి పైకెత్తి చూపించింది. ఆ పెద్దామె నవ్వి, ఉంచుకోమన్నట్టు చెయ్యి ఊపింది.

ఆ గిన్నె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అమ్మ దాన్ని ఏనాడూ ఖాళీగా ఉంచలేదు. చెనిక్కాయలో, చక్కెరో, ఏదో ఒకటి పోసేది. "తిరిగి ఇయ్యాల్సిన గిన్నె గదా" అనేది. అమ్మ పోయాక ఆ పని నాది. తమ్ముడికి ఇప్పుడు బట్టతల... ఇంటికొస్తే ముందు ఆ గిన్నెలోనే చెయ్యి పెడతాడు. ఆ రోజు పాలు తెచ్చిచ్చిన ఆ తల్లి చల్లగా ఉండాలి.

ఇప్పుడు ఎవరేం పంపినా ప్లాస్టిక్ డబ్బాలే... తిని పారేస్తాం, తిరిగిచ్చే పనే లేదు. మీ ఇంట్లోనూ ఎవరిదో గిన్నె ఇలా ఉండిపోయిందా? ఉంటే ఆ కథ చెప్పండి... గిన్నెని మాత్రం ఖాళీగా ఉంచకండి.