చింతకట్టెల మర్యాద

2003వ సంవత్సరం వేసవి మొదట్లో నన్ను పెనుకొండకు పంపారు. అప్పుడు నేను బెంగళూరులోని ఒక కాఫీ సంస్థలో మూల్యాంకకుణ్ణి. ఆ పేరు చెబితే మా బంధువుల్లో సగంమంది నేను కాఫీ తాగి జీతం తీసుకుంటానని అనుకునేవారు. కొన్నేళ్ళు ఆ పనీ చేశాను, కాదనను. తర్వాత అప్పగించిన పని వేరు. గింజలు వేయించి పొడి కొట్టే చిన్న మిషన్లవాళ్ళలో నీటినీ, కట్టెనూ, చెత్తనూ పొదుపుగా వాడుకునేవాళ్ళెవరో చూసి రావాలి. అలాంటివాళ్ళకు సంస్థ ఏటా ఒక గుర్తింపు పత్రం ఇచ్చేది.

పత్రం గోడకు తగిలిస్తే కాఫీకి రుచి రాదు. కానీ ఆ రోజుల్లో కొన్ని పెద్ద హోటళ్ళవాళ్ళు ఈ పత్రం ఉన్నచోటే పొడి కొంటామని అనడం మొదలుపెట్టారు. అప్పటినుంచి దానికి గిరాకీ పెరిగింది, మా మీద ఒత్తిడీ పెరిగింది.

పద్ధతి మూడు మెట్లుగా ఉండేది. మొదట వచ్చిన దరఖాస్తులను ఆఫీసులో కూర్చుని వడపోస్తారు. రెండో మెట్టు నాలాంటివాడు స్వయంగా వెళ్ళి చూడడం. మూడోది సమీక్షా సంఘం, తుది నిర్ణయం వాళ్ళదే. నా మెట్టుకు ఒకటే సూత్రం: పనిలో ఉండగా కంటితో చూసినదానికే మార్కు. దరఖాస్తులో ఎంత బాగా రాసినా, ఫొటో జతచేసినా చెల్లదు. దీనికి తోడు మేము కొట్టివేత అంశం అని పిలిచేది ఒకటుండేది. పొయ్యిలో నరికిన చెట్టు కట్టె మండుతూ కనిపిస్తే మిగతా మార్కులు లెక్కలోకి రావు, ఆ ఏటికి దరఖాస్తు కొట్టివేసినట్టే. కఠినమైన నియమమే. కానీ వానలు అంతంతమాత్రంగా పడే జిల్లాలో మన కప్పు కాఫీ కోసం గుట్టలు బోడి కాకూడదన్న మాటను నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను.

పెనుకొండ ఊరి చివర, హిందూపురం రోడ్డు పక్కన ఉన్న ఆ కాఫీ మిషన్ సుబ్బరత్నమ్మగారిది. భర్త బస్సు కండక్టరు. వ్యాపారం మాత్రం పూర్తిగా ఆమెదే. చిక్కమగళూరు నుంచి లారీలో గింజలు వచ్చేవి. రామక్క అనే ఆమె ముందుండి కొందరు ఆడవాళ్ళతో వాటిని చెరిగించి, ఏరించి, రకాలుగా వేరుచేయించేది. వేయించడం దానియేలు పని. పొడి హిందూపురంలోనూ ధర్మవరంలోనూ అమ్ముడయ్యేది. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంట్లో కాఫీ లేకపోతే పోగు ముందుకు సాగదు. నేను ఆ ఊరివాణ్ణే, మా నాయన మగ్గం ముందే పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

ఆమె దరఖాస్తు నాకు నచ్చింది. కట్టెలు మానేసి శెనక్కాయ పొట్టుతో గింజలు వేయిస్తున్నామని రాశారు. పొట్టు భగ్గుమని లేచి చప్పున చల్లారుతుంది, దానితో గింజను సమంగా వేయించడం సులువు కాదు. దానియేలు పొయ్యికి ఒక రేకు దోనె బిగించి, పొట్టును కొంచెం కొంచెంగా జార్చే ఏర్పాటు చేశాడట. వేగేటప్పుడు గింజ నుంచి ఊడే పల్చటి పొరలనూ, పుచ్చు గింజలనూ, బూడిదనూ, పేడనూ కలిపి రామక్క పెరట్లో ఎరువు గుంత నడుపుతోంది. ఆ ఎరువును రొద్దం వైపు మల్బరీ రైతులు బండ్లు కట్టుకొచ్చి తీసుకుపోతున్నారు. వేరేచోట్ల ఇంజనీర్లను పెట్టి చేయించుకునే పనిని వీళ్ళు తమంతట తాము చేసుకున్నారు.

దరఖాస్తు చివర ఆమె ఒక సంగతి దాచకుండా రాశారు. బెంగళూరు హోటలువాళ్ళు ఏడాది పొడవునా పొడి తీసుకుంటామన్నారు, పత్రం ఉంటేనే. ఆ ఆర్డరు రాకపోతే మిషన్ వారంలో రెండు రోజులే తిరుగుతుంది, ఏరేవాళ్ళలో కొందరిని మాన్పించక తప్పదు.

ముందురోజు ధర్మవరంలో మా అక్క ఇంట్లో దిగి, పొద్దున బస్సెక్కి పెనుకొండ చేరాను. ఆటో గేటు ముందు ఆగేసరికి పొరపాటున ఎవరి పెళ్ళికో వచ్చానేమోనని అనిపించింది. మామిడాకుల తోరణం, వాకిలి నిండా ముగ్గు, పెరట్లో షామియానా. వేపచెట్ల మొదళ్ళకు సున్నమూ జాజూ పట్టెలు. నా మెడలో దండ పడింది. షామియానా కింద తువ్వాలు పరిచిన కుర్చీలో కూర్చోబెట్టారు. తాగడానికి హిందూపురం నుంచి ప్రత్యేకంగా తెప్పించిన కూల్‌డ్రింకు ఇచ్చారు. కాఫీ చూడవచ్చినవాడికి కాఫీ ఇస్తే తక్కువ చేసినట్టవుతుందని వాళ్ళ భయం. దండలంటే నాకు మొదటినుంచీ చిరాకు. అయినా వాళ్ళ ముఖాలు చూసి తీయలేదు. కూర్చున్న కుర్చీ మాత్రం ఒక కాలు నేలలోకి దిగిపోతోంది. రెండుసార్లు జరిపి వేసుకున్నాను.

షెడ్డులోకి వెళ్ళాను. దానియేలు ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని రోస్టర్ పక్కన నిలబడి ఉన్నాడు. డ్రమ్ము నిదానంగా తిరుగుతోంది, పొయ్యిలో మంట నిలకడగా ఉంది. గోడ పక్కన ఎర్రటి చింతకట్టెలు వరుసగా పేర్చి ఉన్నాయి. పొయ్యిలో కాలుతున్నవీ అవే. ఆఫీసు భాష పక్కనపెట్టి మా ఊరి మాటలోనే అడిగాను, పొట్టు యాడికి పోయిందప్పా అని.

“మీరు వస్తాండారని సుబ్బరత్నమ్మక్క చింతకట్టె తెప్పించింది సార్,” అన్నాడు దానియేలు. “పొట్టు మంట ఎగిరెగిరి పడతాది, మసి లేస్తాది. మీ బట్టల మీద పడితే బాగుంటాదా?”

పొట్టు కుప్పనంతా ఒక ట్రాక్టరుకు ఎత్తి ఊరవతల ఎవరి కళ్ళంలోనో పోయించారట. రేకు దోనె చూడడానికి బాగాలేదని విప్పి గోడ వెనక పెట్టారట. మా సీమలో గొప్పవాళ్ళు ఇంటికొస్తే పొయ్యిలోకి మంచి కట్టె తేవాలి. పొట్టూ పుల్లా మన కోసం, చింతకట్టె చుట్టాల కోసం. అది నాకు తెలియని సంగతి కాదు.

ఇక ఎరువు గుంత ఎక్కడని అడిగాను. అందరూ షామియానా వైపు చూశారు. అప్పుడు అర్థమైంది, నేను కూర్చున్న కుర్చీ ఎందుకు దిగబడిందో. గుంత మీద ఎర్రమట్టి పోసి, చదును చేసి, నీళ్ళు చల్లి, దాని మీదే నాకు కుర్చీ వేశారు. నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయాను. రామక్క మాత్రం నవ్వలేదు.

“సార్లు వస్తారంటే చెత్త చూపిస్తామా సార్?” అంది.

ఆ చెత్త చూడడానికే వచ్చానమ్మా అన్నాను. ఆమెకు నా మాట మీద నమ్మకం కుదరలేదని ముఖంలోనే తెలిసింది. పని ఆపమనీ, శుభ్రం చేయమనీ మా ఆఫీసువాళ్ళెవరూ చెప్పలేదు. ఫోనులో పెద్ద అధికారి వస్తున్నారని మాత్రం చెప్పారు. ఏం చూడడానికి వస్తున్నారో చెప్పలేదు. అధికారి అన్న మాట వింటే మా వైపు చేతికి ముందు చీపురు వస్తుంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, అట్లా అయింది.

షామియానా విప్పించాను. ఆడవాళ్ళు పారలు తెచ్చి మట్టి తీశారు. రెండు మూడు పారలు దిగేసరికి పల్చటి ఆవిరి లేచింది. లోపల ఎరువు వెచ్చగా, నల్లగా, పొడిపొడిగా ఉంది. చేత్తో పట్టి పిండితే ఎంత తడి ఉండాలో అంతే ఉంది. పైన మట్టి పోసినా గుంత పని ఆగలేదు కాబట్టి చెత్త పద్దు కింద పూర్తి మార్కులు వేశాను. బస్తాలు తిరిగి వాడుకుంటున్నందుకూ, గాలి ఆడేటట్టు రేకులు ఎత్తి కట్టినందుకూ వేశాను. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, పొయ్యి దగ్గర మాత్రం చేయి ఆగింది.

సుబ్బరత్నమ్మగారికి కొట్టివేత అంశం గురించి విడమరిచి చెప్పాను. ఆమె చింతకట్టెల వైపు ఒకసారి చూశారు. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగారు.

“ఈ కట్టె రోజూ కాల్చేది కాదని మీకు తెలిసిపోయింది కదా సార్. రేపటి నుంచి మళ్ళా పొట్టే. పొట్టు చూసినట్ల రాసేస్తే మీకేం పోతాది?”

నాకేం పోదు. నిజానికి ఆ క్షణాన రాసేయాలనే అనిపించింది. కానీ అంతకు ముందు నెలలో ఇంకోచోట ఒకాయన కట్టెల కుప్ప మీద టార్పాలిన్ కప్పి, ఇది రోజూ కాల్చేది కాదని ఇదే మాట నాకు చెప్పాడు. ఆయన చెప్పింది అబద్ధం, ఈమె చెప్పింది నిజం. నా కంటికి రెండుచోట్లా కనిపించింది కట్టే. చూడనిది చూశానని రాయడం నావల్ల కాదని చెప్పాను. ఆఫీసులో నన్ను ఉలిపికట్టె అని ఎగతాళి చేసేవారు. ఆ రోజు ఆ పేరు నాకే చేదుగా తోచింది.

పెనుకొండ బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు నుంచి మా ముఖ్య మూల్యాంకకుడికి ఫోను చేశాను. ఆయన నాకు పైఅధికారి, మంచి మనిషి, నియమం దగ్గర మాత్రం మొండి. సాయంత్రం దాకా ఆగి పొట్టు తెప్పించి కాల్పిస్తే లెక్కలోకి తీసుకుంటారా అని అడిగాను. వెళ్ళేసరికి మండుతున్నది ఏదో అదే రాయమన్నారు, మిగతాది విడిగా వివరణ రాసి పంపమన్నారు. అయినా నేను వెనక్కి వెళ్ళి, దానియేలు చేత దోనె బిగించి, కళ్ళం నుంచి నాలుగు బస్తాల పొట్టు తెప్పించి ఒక వాయి వేయించి చూశాను. గింజ ఎక్కడా మాడలేదు. ఆ సంగతంతా వివరణలో రాశాను. పొయ్యి పద్దులో మాత్రం చింతకట్టె అని రాశాను.

సమీక్షా సంఘం దరఖాస్తు కొట్టివేసింది. నా వివరణ చదివారట, సానుభూతి కూడా చూపారట. సంఘంలో నేను ఉన్నా అదే చేసి ఉండేవాణ్ణేమో. హోటళ్ళ ఆర్డరు తుమకూరు వైపు ఇంకొకరికి పోయింది.

తర్వాతి ఏడాది సుబ్బరత్నమ్మగారు మళ్ళీ దరఖాస్తు పెట్టారు. మళ్ళీ పెట్టినందుకు నాకు సంతోషం వేసింది, కొంచెం ఆశ్చర్యం కూడా. వచ్చే రోజు ముందుగా చెప్పకుండా వెళ్ళడానికి పైవాళ్ళను అడిగి అనుమతి తీసుకున్నాను. గేటు తీసి ఉంది. పెరట్లో గుంత కంపు కొడుతోంది. దాని చుట్టూ కోళ్ళు కెలుకుతున్నాయి. షెడ్డులో పొట్టు మంట ఎగిరెగిరి పడుతోంది. దానియేలు మసి పట్టిన బనియనుతో ఉన్నాడు, నన్ను చూసి తలాడించి దోనె దగ్గర్నుంచి కదలలేదు. అడగకుండానే ఎవరో గాజు గ్లాసులో కాఫీ తెచ్చి చేతిలో పెట్టారు. అంత మంచి కాఫీ ఆ ఏడాది ఇంకెక్కడా తాగలేదు. ప్రతి పద్దులోనూ మార్కులు వేశాను, ఏ అంశమూ కొట్టివేయాల్సిన అవసరం రాలేదు.

వెళ్ళేముందు రామక్క కనిపించలేదేమని అడిగాను. ఏరేచోట నలుగురే కూర్చుని ఉన్నారు.

“మిషన్ వారానికి రెండు రోజులే తిరిగింది కదా సార్ పోయినేడంతా,” అన్నారు సుబ్బరత్నమ్మగారు. “కూలి సాలక, మొగుడూ పెండ్లామూ బెంగళూరుకు పోయినారు. ఆడ మేడ కడతాండారంట, కంకర మోస్తాంది. పోయినేడు మీరు ఇట్లే చెప్పకుండా వచ్చింటే రామక్క ఈడనే ఉండేది.”

ఆమె నన్ను నిందించడానికి అనలేదు. ధర చెప్పినట్టు, వాన సంగతి చెప్పినట్టు అన్నారు. ఆ ఏడు పత్రం వచ్చింది. హోటళ్ళ ఆర్డరు సగమే తిరిగొచ్చింది. ఎరువు గుంత చూసుకోవడానికి ఇంకొకామెను పెట్టుకున్నారు. గుంత మొదలుపెట్టినామె మాత్రం తిరిగి రాలేదు.

ఆ తర్వాత మా సంస్థ పద్ధతిలో రెండు మార్పులు చేయించగలిగాను. ఫోను చేసేవాళ్ళు అధికారి వస్తున్నారని చెప్పి ఊరుకోకూడదు, ఏం చూడడానికి వస్తున్నారో చెప్పాలి, రోజువారీ పని ఒక్కటి కూడా మార్చవద్దని చెప్పాలి. కట్టె కనిపిస్తే కొట్టివేసేముందు నెలలోపు చెప్పకుండా ఇంకోసారి వెళ్ళి చూడాలి. రెండో మార్పుకు సంఘాన్ని ఒప్పించడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. నియమం తప్పు కాదని ఇప్పటికీ అంటాను. మనిషి మంచిపని చేస్తున్నాడా లేదా అని తేల్చబోయేవాడు, ఆ మనిషి తన ఎదుట ఎట్లా మసలుకుంటాడో ముందే తెలుసుకుని వెళ్ళాలి. లేకపోతే చూసి రాసింది నిజమే అవుతుంది, తీర్పు మాత్రం తప్పవుతుంది. దాని నష్టం రాసినవాడికి కాదు, కంకర మోసేవాళ్ళకు తగులుతుంది.