మా అవ్వ చేతుల మంట

నా చిన్నప్పుడు, వానలు మొహం చాటేసిన ప్రతి ఏడూ మా ఇంటిల్లిపాదీ కర్నూలు పక్క నుంచి గుంటూరు జిల్లాకు మిరపకోతలకు వచ్చేవాళ్లం. తొంభైల చివరి మాట ఇది. రైతు చేను పక్కనే టార్పాలిన్ పట్టా కప్పి గుడిసె వేసుకునేవాళ్లం. కోతలు అయ్యేదాకా అదే ఇల్లు. ఇప్పుడు మా వీధి పిల్లలు నన్ను బాబాయ్ అని పిలుస్తారు. ఆ రోజుల్లో మాత్రం నేను ఆ ఇంటికి పెద్దాడపిల్లను. లోపల నేను ఆడపిల్లను కానని ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు తెలుసు. దాన్ని ఏమంటారో, ఎవరితో చెప్పుకోవాలో తెలియదు. చెప్పుకునే ఓపిక ఇప్పటికీ రోజూ ఉండదనుకోండి.

మిరపచేలో నాకొక సుఖం ఉండేది. కోతకు వచ్చే ఆడవాళ్లంతా ఎండకూ ఘాటుకూ చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుంటారు, తలకు తువ్వాలు చుట్టుకుంటారు. నేనూ మా నాన్న చొక్కా వేసుకుని వాళ్ల మధ్య నిలబడితే ఎవరూ వింతగా చూసేవాళ్లు కాదు. పొద్దు వాలగానే అందరూ బోరు దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని చొక్కాలు విప్పేసేవాళ్లు. ఆ వేళ వచ్చిందంటే నాకు ఏడుపొచ్చేది. విప్పకుండా తిరుగుతుంటే అమ్మ తిట్టేది. మా అవ్వ, అంటే నాన్న వాళ్లమ్మ, ఏమీ అనేది కాదు. చూసేది, అంతే.

అలాంటి ఒక కోతల కాలంలోనే నేను పెద్దమనిషినయ్యాను. మామూలుగా అయితే ఊరికి తీసుకెళ్లి వేడుక చేసేవాళ్లు. పని వదులుకుని వెళ్లే స్థితి కాదు మాది. అలాగని ఊరుకుంటే, వలసపోయినవాళ్లు ఆచారం మరిచిపోయారనీ, ఆడపిల్లను గాలికి వదిలేశారనీ అంటారని నాన్న భయం. ఊళ్లోనే ఉన్నవాడికి ఆ భయం ఇంత ఉండదు. అందుకే గుడిసె ముందే పందిరి వేసి, మామయ్యకు కబురు పెట్టాడు. ఆయన పట్టు లంగా ఓణీ, అడిగి తెచ్చుకున్న రీలు కెమెరా పట్టుకుని బస్సు దిగాడు. ఓణీలో నా ఫోటో తీసుకెళ్లి వాళ్లింట్లో చూపిస్తే, వాళ్ల పెద్దబ్బాయికి నన్ను అనుకున్నట్టే. మా ఇళ్లల్లో సంబంధాలు అలాగే ఖాయమయ్యేవి.

ఆ పొద్దున నాకు ఏడుపు ఆగలేదు. ఆ ఫోటో పడిందంటే ఇక జన్మలో బయటపడలేననిపించింది. గుడిసె వెనక నాన్న చొక్కాలోనే ముడుచుకుని కూర్చున్నాను. అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. ఎందుకు ఏడుస్తున్నావని అడగలేదు. చాలాసేపు నా మొహంలోకి చూసి, లేచి రోటి దగ్గరకు వెళ్లింది.

కాసేపటికి నన్ను పందిట్లోకి తీసుకెళ్లారు. అవ్వ అందరికీ వినపడేలా, "పిల్లకు చేతులు, మెడ అంతా మిరప మంట ఎక్కింది. జరీ తగిల్తే తోలు లేస్తాది. పైన చొక్కా ఉండనీండి" అంది. అమ్మ నమ్మలేదు. నా చొక్కా చేతులు పైకి లాగబోయింది. అవ్వ అడ్డం వచ్చి తన రెండు చేతులూ చాపింది. మోచేతుల దాకా ఎర్రగా కందిపోయి, దద్దుర్లు తేలి ఉన్నాయి. "ముసలిదాన్ని, నాకే ఇట్లుంటే లేత తోలు, దానికెట్లుంటాదో సూడు" అంది. అమ్మ నా చొక్కా వదిలేసింది.

ఓణీ పళ్లెంలోనే ఉండిపోయింది. లంగా మీద నాన్న చొక్కాతోనే పీట మీద కూర్చోబెట్టి అక్షింతలు వేశారు, హారతి ఇచ్చారు. మామయ్య కెమెరా పైకెత్తి, నన్ను ఎగాదిగా చూసి, "ఈ అవతారం ఊళ్లో చూపిస్తే నవ్వుతారు. వచ్చే ఏడు సూద్దాంలే" అని సంచిలో పెట్టేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నాన్న మాత్రం పందిరి గుంజకు ఆనుకుని తల వంచుకున్నాడు. ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ జాలేస్తుంది.

సాయంత్రం చూస్తే అవ్వ ఒక్కతే మజ్జిగ గిన్నెలో చేతులు ముంచుకుని కూర్చుంది. రోట్లో ఏం నూరిందో, ఎక్కడ పూసుకుందో అప్పుడు అర్థమైంది. పక్కన కూర్చుని ఊదాను. "ఈ ఏటికి ఆపినా" అంది మెల్లగా. "వచ్చే ఏడు మంటంటే ఎవరూ నమ్మరు. నేనుంటానో లేదో. నీ మాట నువ్వే చెప్పుకోవల్ల."

ఆ వానాకాలంలోనే అవ్వ పోయింది. మరుసటి ఏడు మామయ్య మళ్లీ బస్సు దిగినప్పుడు నేనే చెప్పాను. ముందు ఆయనకు, తర్వాత అమ్మకు, చివరికి నాన్నకు. నాన్న నాతో మాట్లాడటం మానేశాడు, చాలా ఏళ్లు. ఆ తర్వాత డాక్టర్లకు, ఆఫీసుల్లోవాళ్లకు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకు చెబుతూనే ఉన్నాను. విసుగొచ్చేసింది. నా బదులు ఇంకెవరైనా ఒక అబద్ధం చెప్పి ఈ పూట గడిపేస్తే బాగుండు అనిపించే రోజులు ఎన్నో. కానీ అవ్వ నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేను చెప్పకముందే నమ్మింది. ఆ నమ్మకం ఒక్కటి పెట్టుకునే, ఎదుటివాళ్లు కుర్చీ చూపించి "చెప్పండి" అన్నప్పుడల్లా, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాను.