ఉలిపికట్టె మార్చిన కార్డు

ఆమెకు ఇంట్లో పేరు ఉలిపికట్టె. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ తిట్టేది. ఆ తిట్టే పేరై కూర్చుంది. యాభై దాటి జుట్టు సగం నెరిసినా, తమ్ముడు ఇప్పటికీ ఆమెను పిలవాలంటే చూపుడువేలిని కొక్కెంలా వంచి అడ్డంగా తిప్పి చూపిస్తాడు. తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు. వాడితో పోట్లాడడానికి చిన్నప్పుడు నేర్చుకున్న చేతి భాషే తర్వాత ఆమెకు కూడు పెట్టింది.

వినపడని మనిషి ఆసుపత్రికి వస్తే డాక్టరు బల్ల మీది తెరలోకి ఆమె వస్తుంది. ఇంట్లోనే లాప్‌టాప్ ముందు కూర్చుని, రోగి చేతులు చూసి డాక్టరుకు నోటితో చెబుతుంది, డాక్టరు మాట విని రోగికి చేతులతో చెబుతుంది. వినడానికి హాయిగానే ఉంటుంది. లాప్‌టాప్ సరిగ్గా ఉన్నన్నాళ్ళు హాయిగానే ఉంది కూడా. కొన్నాళ్ళుగా దానికి ఏం రోగం వచ్చిందో, వైఫై ఉన్నట్టుండి తెగిపోతోంది. నెట్టు పెట్టె కింది వాటాలో, వాళ్ళకు అద్దెకిచ్చిన ఇంటాయన హాల్లో ఉంటుంది. అదే నెట్టు మీద, అదే బల్ల దగ్గర, తమ్ముడి ఫోన్లో బొమ్మ చక్కగా ఆడుతుంది. లాప్‌టాప్‌లో మాత్రం ముక్కుతూ మూలుగుతూ వస్తుంది.

ఆ మూలుగే కొంప ముంచింది. ఒకరోజు ఒక గర్భిణిని డాక్టరు అడిగాడు, నొప్పి ఇంకా ఉందా అని. ఆమె చేతులు లేపింది. అక్కడే బొమ్మ బిగుసుకుపోయింది. ఉలిపికట్టె ఇక్కడ గొంతు చించుకున్నా అక్కడ వినపడలేదు. లైను మళ్ళీ కలిసేసరికి డాక్టరు, నొప్పి లేదని రాసేశానమ్మా, పంపించేస్తున్నాను అన్నాడు. ఆ పిల్లేమో పొట్ట పట్టుకుని ఏడుస్తోంది. ఎదుట ఏడుస్తున్న మనిషిని వదిలేసి తెరకేసి చూసే డాక్టరును ఏమనాలి? ఉలిపికట్టె అనాల్సినవన్నీ అంది. రాసింది కొట్టేసి మళ్ళీ రాసేదాకా వదల్లేదు.

మర్నాడు ఆ డాక్టరు నుంచి ఫిర్యాదు వచ్చింది. లైను బాగాలేదట, మనిషికి మర్యాద అంతకన్నా లేదట. సోమవారం పరీక్ష కాల్ పెడతామనీ, బొమ్మ ఒక్కసారి ఆగినా ఆసుపత్రి లైను తీసేసి బ్యాంకు లైనుకు మారుస్తామనీ ఆమెకు పనిచ్చే కంపెనీ సూపర్‌వైజరు చెప్పింది. జీతం అంతే కదా మేడమ్, పైగా ప్రశాంతం అని ఊరడింపు కూడా పలికింది. ఉలిపికట్టెకు ఒళ్ళు మండిపోయింది. చెక్కు పుస్తకం ఆలస్యమైతే ఎవరి ప్రాణమూ పోదు. ఆసుపత్రిలో తన మాట ఎవరికీ పట్టక తమ్ముడు గోడకు తల కొట్టుకున్న రోజులు ఆమె కళ్ళారా చూసింది. ఆ లైను పోతే తన బతుకులో మిగిలేది ఏమీ లేదని ఆమెకు నిజంగా భయం వేసింది.

రిపేరు షాపతను లాప్‌టాప్‌ను అటు తిప్పి ఇటు తిప్పి, వైఫై కార్డు బోర్డుతో కలిసే ఉంటుందమ్మా, మార్చడం కుదరదు, కొత్తది కొనుక్కోండి అన్నాడు. కనీసం మూత కూడా తియ్యలేదు మహానుభావుడు. ఆమె ఇంటికొచ్చి ఆ మోడలు గురించి వెతికి చదివింది. కార్డు విడిగానే ఉంది, ఒక్క స్క్రూతో. ఇంకో వీధిలో సరిపడే కార్డు తెచ్చుకుంది. బాగున్నదాన్ని కూడా చెడగొట్టుకుంటారని అక్కడి షాపతను బెదిరించాడు. ఎవరెన్ని చెప్పినా ఆమె పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఆదివారం మధ్యాహ్నం బల్ల మీద తెల్ల దుప్పటి పరిచింది. తమ్ముడు పనిచేసే బేకరీకి సెలవు కాబట్టి తమాషా చూడ్డానికి ఎదురుగా కూర్చున్నాడు. అడుగు మూత తీసింది, బ్యాటరీ తీగ పీకింది. కార్డు తపాలా బిళ్ళంత ఉంది. దాని నెత్తిన నల్లదొకటి, తెల్లదొకటి రెండు సన్నని తీగలు, కొసల్లో ఆవగింజంత ఇత్తడి గుండీలు. ఆ తీగలే గాల్లోంచి సిగ్నల్ పట్టేవి. పాత కార్డు తీసి కొత్తది దూర్చి స్క్రూ బిగించింది. నల్ల తీగ గుండీ టక్కున కూర్చుంది. తెల్ల తీగను పట్టకారుతో పట్టుకుని కార్డు మీదికి వంగింది.

సరిగ్గా అప్పుడే తమ్ముడు చేతులు తిప్పాడు. "పాతదానికి దండ వేసి గోడకు తగిలిద్దామా, అక్కా?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వాడి మాటకు ఆమె చేతులు ఊరుకోలేదు. ఇప్పుడూ ఊరుకోలేదు. నోరు ముయ్యరా అనడానికి రెండు చేతులూ ఒక్కసారి పైకి లేచాయి, పట్టకారుతో సహా, తీగతో సహా. గుండీ ఊడి ఎక్కడో పడింది. నోటితో మాట్లాడేవాళ్ళయితే చేతి పని చేసుకుంటూ వెయ్యి కబుర్లు చెప్పుకుంటారు. ఈ అక్కాతమ్ముళ్ళకు ఆ భాగ్యం లేదు.

ఉలిపికట్టె ఏడ్చింది. తమ్ముడు తన రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు, వాళ్ళింట్లో అది నోరు మూసుకోవడం. కాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుని మూత బిగించేసింది. ఒక తీగ పోతే పోయింది, ఇంకోటి ఉంది కదా.

లాప్‌టాప్ లేచింది, కొత్త కార్డును గుర్తుపట్టింది. సిగ్నల్ మాత్రం గదిలో నీరసంగా ఉంది. చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇల్లంతా తిరిగింది. వంటింట్లో, పొయ్యి పక్కన, సరిగ్గా ఇంటాయన హాలు నెత్తిన, గీతలు నిండుగా లేచాయి. లాప్‌టాప్ గట్టెక్కింది, గట్టు మీది గిన్నెలన్నీ మంచమెక్కాయి. మరి వంటో అని తమ్ముడు అడిగాడు. నువ్వు తెచ్చే రొట్టె తిందాం అంది ఆమె.

సోమవారం సూపర్‌వైజరు, వినపడని ఒక ఉద్యోగి, ఇద్దరూ తెర మీదకొచ్చారు. అతను కావాలనే గుక్క తిప్పుకోకుండా చేతులు ఆడించాడు. ఆమె ఒక్క ముక్క వదల్లేదు. బొమ్మ ఒక్కసారీ ఆగలేదు.

వెనకాల గరిటెలు కనిపిస్తున్నాయి మేడమ్, గుడ్డ కట్టుకోండి అంది సూపర్‌వైజరు. తర్వాత గొంతు తగ్గించింది. "ఆ డాక్టరు గారికి సారీ అని ఒక మెయిల్ పెట్టెయ్యండి. లైను మీకే ఉంచుతాం."

కడుపు మండినా ఆమె గొంతు పెంచలేదు. "లైను తెగినందుకు సారీ చెప్తానమ్మా. ఆయన రాసింది కొట్టించి మళ్ళీ రాయించినందుకు మాత్రం చెప్పను. బ్యాంకుకి పంపుతారా, పంపండి. అక్కడా ఇలాగే ఉంటాను."

అవతల కదలిక లేదు. పాడు బొమ్మ మళ్ళీ ఆగిపోయిందేమోనని ఆమె తెర దగ్గరికి వంగి చూసింది. ఆగలేదు, సూపర్‌వైజరు కళ్ళు ఆర్పుతూనే ఉంది. చివరికి తల వంచుకుని ఏదో నొక్కింది. ఆసుపత్రి నుంచి ఒకరు ఎదురుచూస్తున్నారు, తీసుకోండి అంది.

తెర మీద ఒక ముసలాయన, పక్కన వేరే డాక్టరు. డాక్టరు కాగితాలు తిప్పుతూ, తగ్గిందా అని అడగమ్మా అతన్ని అన్నాడు. ఆమె అడిగింది. ముసలాయన డాక్టరు నడినెత్తికేసి చూస్తూ చేతులు విసురుగా కదిపాడు. ఈ పనిలో ఒక పద్ధతుంది. రోగి నేను అంటే తనూ నేను అనే చెప్పాలి, ఆయన కోపంగా అంటే తనూ కోపంగానే అనాలి. ఉలిపికట్టె గొంతు సవరించుకుంది.

"నాకు తగ్గలేదు. ఆ పెట్టెతో కాదు డాక్టరు గారూ, నాతో మాట్లాడండి. నేనిక్కడున్నాను."

డాక్టరు కాగితాలు కింద పెట్టి ముసలాయన వైపు తిరిగాడు.