పెదనాన్న కాచిన సోయా సాస్

మా పెదనాన్న సీసాలో అమ్మే వస్తువు దేన్నీ కొనడు. "ఇందులో ఏముందిరా, ఇంట్లో చేసేస్తే పోలా?" అంటాడు. అని ఊరుకోడు, చేసేస్తాడు. అదీ మా బాధ.

ఒకసారి జిగురు చేశాడు. అది కాగితాలను తప్ప అన్నిటినీ అంటించింది. ఆయన మీసం కవరుకు అతుక్కుపోతే పెద్దమ్మ కత్తెర పట్టాల్సి వచ్చింది. తర్వాత చేసిన బూట్ల పాలిష్ బూట్లను వదిలేసి పక్కింటివాళ్ల తివాచీకి పట్టుకుంది. వాళ్లు ఇప్పటికీ మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడతారు.

ఈమధ్య సోయా సాస్ మీద పడ్డాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లో ఫ్రైడ్ రైస్. నేనూ వెళ్తాను.

"అలమరలో నేను కొన్న నిండు సీసా ఉండగా ఇదేం పని? మోటార్లు బాగుచేసే చేతులతో సాసేంటండీ?" అంది పెద్దమ్మ.

"మోటారు కన్నా కష్టమా?"

కష్టమే. మొదటి వాయి కాలిన రబ్బరు వాసన కొట్టింది. రెండోది గరిటెను పట్టుకుని వదల్లేదు; గరిటె ఎత్తితే గిన్నె కూడా లేచింది. మూడోది నాకు రుచి చూపించాడు.

"ఎలా ఉందిరా?"

"ఉప్పు."

"ఎక్కువా, తక్కువా?"

"ఉప్పే, పెదనాన్నా. ఇంకేం లేదు."

ఆయన వెనక్కి తగ్గలేదు. పై ఆదివారం ఎండు పుట్టగొడుగులు నానిన నీళ్లలో బెల్లం పాకం, వెల్లుల్లి, మిరియాలు, వినెగర్, కాస్త ఉప్పు వేసి సన్నసెగ మీద మరిగించాడు. పెద్దమ్మ తిట్టడానికి వంటింట్లోకి వచ్చి, వాసన చూసి, వచ్చిన పని మరిచిపోయింది.

అన్నం వేయించి మొదట కొత్త కోడలికి వడ్డించబోయాడు. వదిన ఎప్పటిలాగే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆకలి లేదు, మామయ్యా. నాకు ఉత్తన్నం చాలు."

వదినకు గోధుమ పడదు. తింటే మంచం దిగలేదు. ఆ సంగతి మాకు తెలుసు. కానీ ఫ్రైడ్ రైస్‌కీ గోధుమకీ ఏం సంబంధం? ఆకలి లేదంటే నమ్మేశాం.

"తినమ్మా. కొట్లో సాసులో గోధుమ కలుస్తుందని సీసా మీద చదివాను. ఇందులో లేదు."

వదిన తల దించుకుంది. "చెప్తే నాకోసం మీరంతా మానేస్తారని..."

"ఎందుకు మానేస్తాం? బాణలి కూడా కొత్తదే."

"కొన్నారా?" పెద్దమ్మ నోరు వెళ్లబెట్టింది. "మీరా?"

"బాణలి చేయడం ఇంకా పట్టుబడలేదే."

వదిన తింది. మళ్లీ పెట్టించుకుంది. ఆ తర్వాత గరిటె తనే తీసుకుంది. పెద్దమ్మకూ నాకూ మారు వడ్డన దక్కలేదు. పెదనాన్న ఖాళీ బాణలిని రెండు చేతులతో ఎత్తి, కప్పు గెలిచినవాడిలా మాకందరికీ చూపించాడు.