డీబగ్గర్‌కు చూపు తెప్పించిన రెహానా మేడం

మొన్న సత్తుపల్లి వెళ్తుంటే కారు టైరు పంక్చరై ఒక షాపు ముందు ఆగాం. ఎండకు కాగిన రబ్బరు వాసన గుప్పుమంది. నాతో ఉన్నవాళ్లు ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి, నా బతుకులో మంచి రోజులన్నీ ఆ వాసనలోనే గడిచాయి. కొత్తగూడెంలో మా ఆఫీసు ఒక టైర్ల షాపు మీది మేడలో ఉండేది. ఆ ఆఫీసు రెహానా మేడంది.

మేడం వాళ్ల నాన్నగారు బొగ్గుగనిలో సర్దార్. అంటే, షిఫ్టు మొదలయ్యే ముందు లోపలంతా తిరిగి, పైకప్పు గట్టిగా ఉందా, గ్యాస్ ఏమైనా చేరిందా అని చూసి, ఆయన సరే అన్నాకే మిగతావాళ్లు పనిలోకి దిగాలన్నమాట. ఆ ఇంట్లో పెరిగిన మేడం ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో చాలాకాలం ఉద్యోగం చేసి, అక్కడ విసుగెత్తి తిరిగొచ్చి, గనుల్లో గ్యాస్‌ను పసిగట్టే డబ్బాలు తయారుచేసే చిన్న కంపెనీ పెట్టారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆమెకు కోపమొస్తే కింద టైర్లు విప్పేవాళ్లు కూడా పని ఆపి వినేవారు. కోపం దిగాక తిట్టినవాళ్లకు ఆమే చాయ్ తెప్పించేవారు. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నప్పుడు నా మార్కులు అడగలేదు. "మీ ఇంట్ల ఎవలన్న బాయి పనికి పోతరా?" అన్నారు. బొగ్గుగనిని మా వైపు బాయి అనే అంటాం. "మా అన్న పోతడు మేడం" అన్నాను. "అయితే నువ్వు పనిని ఆషామాషీగ చెయ్యవు. రేపటి సంది రా" అన్నారు. అంతే ఇంటర్వ్యూ.

మా డబ్బాలను ఒక గనిలో బిగించి ఇంకా ఎన్నాళ్లో కాలేదు. ఒకరోజు మా అన్న అన్నం కలుపుకుంటూ, "ఇయ్యాల మీ డబ్బా మస్తు మొత్తుకున్నది పద్మా" అన్నాడు. "గ్యాస్ పెరిగింది మా కాడ. అది చెప్పిన పేరేమో పక్క జాగది. వాళ్లను పైకి తోలిండ్రు, మేము గక్కడనే ఉన్నం." నవ్వుతూనే చెప్పాడు. వాళ్ల సర్దార్ అనుమానపడి వెంటనే వీళ్లనూ బయటికి తెచ్చాడట, ఎవరికీ ఏమీ కాలేదట. మా వదిన నావైపు చూసిన చూపు మాత్రం నేను చచ్చేదాకా మరిచిపోను. గనిలో చోటుచోటునా పెట్టి తీగలతో కలిపిన సెన్సార్లను ఆ డబ్బాలోంచి చదివే ప్రోగ్రాం రాసింది నేనే.

మర్నాడు గని మేనేజర్ ఖరాఖండిగా చెప్పేశాడు. తప్పు దిద్ది మళ్లీ పరీక్షలో నెగ్గితే డబ్బాలు ఉంటాయి, లేదంటే అన్నీ పీకి పంపిస్తాం అని. డబ్బాలు పోతే కంపెనీయే పోతుంది. అది పోయినా ఫరవాలేదు, మా అన్న వాళ్లకు ఎప్పుడూ మేలుకుని ఉండే కాపలా పోతుందని నా బెంగ. మా సీనియర్ శ్రీనివాస్ నా ఎదుటే అన్నాడు, "మేడం, పద్మ కోడ్ మొత్తం తీసేసి కొత్తగ రాద్దాం." మేడం కళ్లజోడు మీంచి చూశారు. "తప్పు నీ కండ్లతోటి చూసినవా?" "లేదు మేడం." "మరి కూసో."

చూడటమే మా వల్ల కావడం లేదు. సంగతేమిటంటే, మా ప్రోగ్రాంలో ఒక్కో సెన్సార్ పనిని ఒక్కో థ్రెడ్ చూస్తుంది. అన్ని థ్రెడ్లూ ఒకేసారి నడుస్తుంటాయి. తను చూస్తున్న సెన్సార్ ఏ చోటిదో ఆ పేరును ప్రతి థ్రెడ్ తనకంటూ ఉన్న సొంత అరలో పెట్టుకుంటుంది. పక్క థ్రెడ్‌కు ఆ అరతో పనిలేదు. దాన్నే థ్రెడ్-లోకల్ వేరియబుల్ అంటాం. నడుస్తున్న ప్రోగ్రాంను ఆపి, లోపల ఏ విలువ ఎక్కడుందో చూపించే పనిముట్టు డీబగ్గర్. అది మిగతావన్నీ చక్కగా చూపించింది. ఆ అరల దగ్గరికొచ్చేసరికి మొండికేసింది. థ్రెడ్-లోకల్ వేరియబుల్స్ ఇక్కడ దొరకవు అని ఒకటే పాట. పోనీ విలువల్ని తెరమీదికి పంపే లైన్లు కోడ్‌లోనే పెడదామా అంటే, అవి పెట్టగానే ప్రోగ్రాం నెమ్మదించి తప్పు మాయమయ్యేది. తీసేస్తే మళ్లీ హాజరు! ఏడవాలో నవ్వాలో తెలియక తల పట్టుకున్నాను.

మేడం కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "మా అబ్బా బాయిల గ్యాస్ చూసేటందుకు పోయే ముందు ఏం చూస్తుండెనో ఎరికేనా? చేతిలున్న దీపం. గ్యాసుంటే దాని మంట నీలంగ మారుతది. దాని సుట్టున్న ఇనుప జాలి మంచిగున్నదా, మంట సక్కగ మండుతున్నదా అని చూసుకోంది అడుగు బయట పెట్టకపోతుండె. దీపమే ఖరాబుంటే అది చెప్పే గ్యాస్‌ను ఏం నమ్ముతవ్? నీ కోడ్ పక్కకు పెట్టు. ముందుగాల ఈ డీబగ్గర్ సంగతేందో చూద్దాం."

నాచేత పట్టుమని పది లైన్లు లేని ప్రోగ్రాం ఒకటి రాయించారు. అందులో రెండు థ్రెడ్లు, ఒక్కోదానికి సొంత విలువ, అంతకుమించి ఏమీ లేదు. నా లాప్‌టాప్‌లో డీబగ్గర్ ఆ విలువల్ని వెంటనే చూపించింది. ఆఫీసులో ఉన్న డబ్బాలో నడిపితే మళ్లీ అదే పాట. మేడం బల్ల మీద ఒక్కటి చరిచారు. "చూసినవా శ్రీనివాసూ! డీబగ్గర్‌కు కండ్లు కానొస్తలేవు. దానికీ ఈ పిల్ల కోడ్‌కూ ఏం సంబంధం?" ఆ మాటతో నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరి చూపులూ మోసి మోసి అలసిపోయి ఉన్నాను మరి.

తెర మీద వచ్చే హెచ్చరికలను మేం గబగబా దాటేస్తాం. మేడం ఒక్కో లైనునూ పైకి చదివారు. థ్రెడ్ల అరలు వెతకడానికి డీబగ్గర్ ఒక చిన్న లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్, సాయం తీసుకుంటుంది. ఆ లైబ్రరీకి డబ్బాలోని సిస్టం లైబ్రరీలో ఏది ఎక్కడుందో చెప్పే కొన్ని పేర్లు కనిపించాలి. మా డబ్బాలో వెతికితే ఒక్క పేరూ లేదు, మొత్తం తుడిచేసి ఉంది. "ఈ పేర్లు తీసేసిన మహానుభావుడు ఎవడు?" అని గర్జించారు మేడం. ఉన్నట్టుండి ఆమే నెత్తి కొట్టుకున్నారు. "హాయ్ అల్లా, నేనే!"

గని ఉన్నది అడవి అంచున. అక్కడ సిగ్నల్ అంతంతమాత్రం. డబ్బాకు కొత్త సాఫ్ట్‌వేర్ పంపితే సగంలో తెగిపోయేది. బరువు తగ్గితే జల్దీ పోతుందని మేడమే లైబ్రరీల్లోంచి పనికిరాని పేర్లన్నీ తన చేతులతో తీసేశారట. పనికొచ్చేవి కూడా వాటితో కొట్టుకుపోయాయి. ఇక ఆమె నవ్వు చూడాలి! కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వొచ్చో లేదో తెలియక శ్రీనివాస్ బిగుసుకుపోయి నిలబడితే, "నవ్వు తియ్, జీతం కొయ్యను" అన్నారు.

పేర్లున్న లైబ్రరీని డబ్బాలో పెట్టాం. చిన్న ప్రోగ్రాంలో విలువలు కనిపించాయి. అప్పుడు నా ప్రోగ్రాం ఎక్కించి, సెన్సార్ల తీగలు పీకుతూ పెడుతూ ఉన్నాం. తప్పు రానే వచ్చింది. అక్కడే ఆపి, ప్రతి థ్రెడ్‌నూ నీ అరలో ఏముందని అడిగాం. ఒక థ్రెడ్ చదువుతున్నది ఒకచోటి సెన్సార్‌ను, దాని అరలో ఉన్నది ఇంకో చోటి పేరు! మేం బయట కొన్న ఒక లైబ్రరీ నిర్వాకం అది. తీగ తెగినప్పుడు ఖాళీ అయిన థ్రెడ్‌ను ఇంకో సెన్సార్‌కు అప్పగిస్తోంది గానీ, అరలో పాత పేరును అలాగే వదిలేస్తోంది. "పాత షిఫ్టోడు ఇంటికి పోయిండు, కొత్తోడు దిగిండు, హాజరీ టోకెన్ మీద మాత్రం పాతోని పేరే" అన్నారు మేడం. థ్రెడ్ కొత్త పని అందుకోగానే అర తుడిచి కొత్త పేరు రాసేలా నేను దిద్దాను. మేం వేసిన కేకకు కింది షాపువాళ్లు మెట్లెక్కి వచ్చారు. "ఏమైంది మేడం?" "గెలిచినం రా! అందరికీ చాయ్ చెప్పుండ్రి!"

పరీక్ష రోజున గనిలో ఒక్కో సెన్సార్ దగ్గర కొంచెం గ్యాస్ వదిలారు. కావాలనే తీగలు పీకి మార్చారు. మా డబ్బా ఏ ఒక్కసారీ పేరు తప్పలేదు. మేనేజర్ అభినందించబోతే మేడం నన్ను ముందుకు తోశారు. "నేను డీబగ్గర్ కండ్లు మూసిన. తప్పును దొరకబట్టి దిద్దింది ఈ పిల్ల" అన్నారు. ఆ క్షణాన నా అంత పొడుగు మనిషి జిల్లాలో లేదనిపించింది.

వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం గనిలో నిజంగానే గ్యాస్ పెరిగింది. డబ్బా అరిచింది, మా అన్న వాళ్లు పనిచేసే చోటి పేరే చెప్పింది. గని నుంచి ఫోన్ రాగానే మేడం గదిలోకి పరిగెత్తాను. "మేడం, సరిగ్గ చెప్పింది! పేరు కరెక్టుగ చెప్పింది!" అని ఎగిరి గంతేశాను. ఆమె నవ్వలేదు. "అందరు పైకొచ్చిండ్రా?" అన్నారు. "అవ్ మేడం, అందరు వచ్చిండ్రు. మా అన్న కూడ." మేడం మెల్లగా కుర్చీలో కూలబడి, కళ్లజోడు తీసి, చిన్నపిల్లలా ఏడ్చారు. ఆమె ఏడవగా చూసింది అదొక్కసారే.

పోయినేడు మేడం మమ్మల్ని వదిలి వెళ్లిపోయారు. కంపెనీ ఇప్పుడు నేనూ శ్రీనివాసూ నడుపుతున్నాం. మా డబ్బాలు ఇంకా చాలా గనుల్లోకి దిగాయి. డబ్బా బ్రహ్మాండంగా పనిచేసింది మేడం అని ఏ గని నుంచి ఫోన్ వచ్చినా నాకు సంతోషమే, ఎందుకుండదు? కానీ థాంక్స్ చెప్పకముందే, నాకు తెలియకుండానే, నా నోట్లోంచి ఆమె గొంతు వచ్చేస్తుంది. "అందరు పైకొచ్చిండ్రా?"